గాలిమోటరు నేల మీదే నేర్చుకోవచ్చా? పైలట్ సిమ్యులేటర్ల లెక్క

పెద్దవూర, హాలియా వైపు ఊళ్లకు గాలిమోటరు చప్పుడు కొత్త కాదు. కృష్ణకు అవతలి ఒడ్డున, విజయపురి సౌత్‌లో ఉన్న చిన్న రన్‌వే నుంచి శిక్షణ విమానాలు లేచి, నల్లగొండ చెలకల మీద చక్కర్లు కొట్టి వెళ్తుంటాయి. 2022 ఫిబ్రవరి 26న అలా వచ్చిన ఒక రెండు సీట్ల సెస్నా 152 పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలంలో కూలింది. అందులో ఉన్నది ఒక్కరే, విమానం నేర్చుకుంటున్న యువతి. ఆమె బతకలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు మా వైపు చాయ్ హోటళ్లలో ఒక వాదన నడిచింది. "అదేదో సిమ్యులేటర్ ఉంటదట గదనే, అండ్లనే మొత్తం నేర్పియ్యరాదా? పానాలైతే పోవు గదా" అని ఒకరు. "కంప్యూటర్ల ఆట ఆడి నేర్సుకున్నోడు నడిపితే నువ్వెక్కుతవా?" అని ఇంకొకరు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలినప్పుడు టీవీల్లో సిమ్యులేటర్ బొమ్మలు పెట్టుకొని గంటల తరబడి చర్చించారు. అప్పుడూ ఇవే రెండు మాటలు మళ్లీ లేచాయి.

మొదటాయన సిమ్యులేటర్‌కు అన్నీ తెలుసనుకుంటున్నాడు. రెండో ఆయన దానికేమీ తెలియదనుకుంటున్నాడు. నిజానికి సిమ్యులేటర్‌కు మనుషులు చెప్పినంతే తెలుసు. చెప్పింది ఎంత, ఎక్కడ ఆపేశారు, ఎక్కడ తప్పు చెప్పారు అన్నదాని చుట్టే ఈ రంగంలోని పేచీలన్నీ తిరుగుతాయి.

ఒకే పేరు, మూడు రకాల యంత్రాలు

ముందు పేరుతోనే తికమక. ల్యాప్‌టాప్‌లో ఆడుకునేదాన్నీ సిమ్యులేటర్ అంటారు, కోట్ల రూపాయల యంత్రాన్నీ సిమ్యులేటర్ అనే అంటారు.

మొదటిది ఇంట్లో ఆడుకునే రకం. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982 నుంచీ ఉంది. దీంట్లో ఎన్ని వందల గంటలు ఆడినా, పైలట్ నడిపిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఒక్క నిమిషం కూడా ఎక్కదు. పనికిరాదని కాదు. ఏ మీటరు ఎక్కడుంటుంది, రేడియోలో ఏం మాట్లాడాలి అన్నవి అలవాటు చేసుకోవడానికి శిక్షణలో ఉన్న పిల్లలు చాలామంది వాడతారు.

రెండోది ఫ్లయింగ్ స్కూళ్లలో కనిపించేది. నిజమైన కాక్‌పిట్ లాంటి గది, ఎదురుగా తెరలు, అసలువాటిలాగే బరువుండే పెడళ్లు. కింద కదలిక ఉండదు. మబ్బుల్లో బయట ఏమీ కనపడనప్పుడు మీటర్లను మాత్రమే చూస్తూ నడపడం నేర్పేది ఎక్కువగా వీటి మీదే.

మూడోది ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్. ఆరు కాళ్ల మీద నిలబడిన పెద్ద తెల్ల డబ్బా. లోపల ఒక ఫలానా విమానం కాక్‌పిట్, స్విచ్చుతో సహా అచ్చుగుద్దినట్టు. ఎయిర్‌బస్ ఏ320ది బోయింగ్ 737కు పనికిరాదు. వీటికి ఏ నుంచి డి దాకా స్థాయిలుంటాయి, డి అన్నిటికన్నా పైది. ఒక్కోటి కోటి డాలర్లు, ఆ పైమాటే. మన దగ్గర ఇది నిన్న మొన్న వచ్చినదేమీ కాదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ రోజుల్లోనే హైదరాబాద్‌లోని సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పెద్ద విమానాల సిమ్యులేటర్లు నడిచాయి.

వీటన్నిటికీ మూలపురుషుడు అమెరికాలో ఎడ్విన్ లింక్. ఆయన తండ్రిది వాయిద్యాల కర్మాగారం. చర్చిల్లో, సినిమా హాళ్లలో వాయించే పెద్ద ఆర్గాన్‌లు చేసేవారు. గాలి తిత్తులతో ఆర్గాన్ పలికినట్టే, అవే తిత్తులతో ఒక చిన్న చెక్క విమానాన్ని ఊగించవచ్చని లింక్‌కు తోచింది. 1929లో చేశాడు. కొనేవాడు లేక జాతరల్లో ఆటబొమ్మగా అమ్ముకున్నాడు. 1934లో ఉత్తరాలు మోసే పని అక్కడి సైన్యం మీద పడింది. మంచులో, చీకట్లో మీటర్లు చూసి నడపడం రాని పైలట్లు కొన్ని వారాల్లోనే డజను మంది దాకా చనిపోయారు. ఆ దెబ్బతో సైన్యం లింక్ దగ్గరికి వచ్చి ఆరు యంత్రాలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆ నీలం డబ్బాల్లో 5 లక్షల మందికి పైగా శిక్షణ పొందారు.

ఆరు కాళ్లు ఒంటిని ఎలా నమ్మిస్తాయి?

మూడో రకం యంత్రంలో కూర్చుని టేకాఫ్ చేస్తే వీపు సీటుకు అతుక్కుంటుంది. డబ్బా మాత్రం ఉన్నచోటు నుంచి గజమో గజమున్నరో మించి కదలదు. మరి ఆ తోపు ఎక్కడిది?

మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సు ఎక్కి కళ్లు మూసుకున్నారనుకోండి. డ్రైవర్ ఒక్కసారిగా స్పీడు పెంచితే వీపు వెనక్కి నొక్కుకుంటుంది. అదే సీటును నిలబడ్డ చోటే మెల్లగా వెనక్కి వంచినా వీపు అంతే నొక్కుకుంటుంది, అప్పుడు నొక్కేది భూమ్యాకర్షణ. చెవి లోపల జిగురు పొర మీద సన్నటి సున్నపు రేణువులుంటాయి. అవి వెనక్కి జరిగితే మెదడుకు కబురు పోతుంది. బండి దూసుకెళ్తున్నందుకు జరిగాయా, తల వంగినందుకు జరిగాయా అన్నది ఆ రేణువులకు తెలియదు. తేడా చెప్పాల్సింది కళ్లు. సిమ్యులేటర్‌లో కళ్లముందు రన్‌వే వేగంగా వెనక్కి పోతుంటుంది, డబ్బా మాత్రం ముక్కు పైకెత్తి నిలబడుతుంది. మెదడు "దూసుకెళ్తున్నాం" అని రాసేసుకుంటుంది.

తర్వాత ఇంకో చిట్కా ఉంది. ఒక పక్కకు జరిగిన కాళ్లు మళ్లీ మధ్యకు రావాలి, లేకపోతే తర్వాతి కుదుపుకు జాగా ఉండదు. అందుకని మనిషికి తెలియనంత నిదానంగా డబ్బాను వెనక్కి తెస్తారు. సెకనుకు రెండు మూడు డిగ్రీల లోపు తిరిగితే మన ఒంటికి సాధారణంగా అందదు. లోపలివాళ్లు మలుపులో ఉన్నామనుకుంటుంటారు, డబ్బా చల్లగా యథాస్థానానికి చేరిపోతుంది.

ఈ మోసం వెనక శిక్షణకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ రేణువులు నిజమైన విమానంలోనూ ఇలాగే మోసపోతాయి. చీకటి రాత్రి టేకాఫ్ అయ్యి వేగం పుంజుకుంటుంటే, ముక్కు మరీ పైకి లేచిందని ఒళ్లు చెబుతుంది. దాన్ని నమ్మి ముక్కు కిందికి నొక్కి నేలను గుద్దిన పైలట్లున్నారు. ఒంటి మాట వినకుండా మీటరు మాట వినడం సిమ్యులేటర్‌లో బాగా నేర్పవచ్చు.

నేర్పలేనిదీ ఉంది. విమానాన్ని 60 డిగ్రీలు వంచి ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పితే ఒంటి బరువు రెట్టింపవుతుంది, 60 కిలోల మనిషి 120 కిలోలవుతాడు. ఆ బరువును నిమిషం పాటు మీద పెట్టి ఉంచడం ఆరు కాళ్ల డబ్బాకు చేతకాదు. అసలు ఈ కదలిక వల్ల శిక్షణ మెరుగవుతుందా అన్నదాని మీద కూడా పరిశోధకులు ఒక మాట మీద లేరు. మంచి తెరలు, సరైన పెడళ్లు ఉంటే చాలని ఒక వర్గం. ఇంజిన్ పోయిన క్షణంలో మొదటి సూచన నడుముకే అందుతుంది కాబట్టి కదలిక ఉండాలని ఇంకో వర్గం. యుద్ధ విమానాల సిమ్యులేటర్లలో చాలా వాటికి కదలిక ఉండదు. ప్రయాణికుల విమానాలకు మాత్రం నియంత్రణ సంస్థలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి.

గంటల లెక్క: చిన్న విమానానికి ఒకలా, పెద్దదానికి ఒకలా

దేవరకొండ నుంచి ఒక అమ్మాయి పైలట్ కావాలనుకుందని అనుకుందాం. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్నాయి, 18 ఏళ్లు నిండాయి, మెడికల్ పాసైంది. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ, అడిగేది 200 గంటలు. అందులో 100 గంటలు తానే పైలట్‌గా నడపాలి. ఊరు దాటి దూరం వెళ్లే ప్రయాణాలు 20 గంటలు, వాటిలో ఒకటి కనీసం 300 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 555 కిలోమీటర్లు ఉండాలి. రాత్రిపూట 5 గంటలు. మీటర్లు చూసి నడిపేది 10 గంటలు, ఈ పదిలో 5 గంటలకు మించకుండా సిమ్యులేటర్‌లో చేయవచ్చు.

చాయ్ హోటల్లో మొదటాయన అడిగిన దానికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఈ దశలో సిమ్యులేటర్ వాటా బహుచిన్నది. మిగతాదంతా ఆకాశంలోనే.

లైసెన్సు చేతికొచ్చాక లెక్క తలకిందులవుతుంది. ఎయిర్‌లైన్‌లో చేరాలంటే ఏ320 లాంటి ఒక విమానం మీద విడిగా అర్హత తెచ్చుకోవాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. ఇది దాదాపు మొత్తం డి స్థాయి సిమ్యులేటర్‌లో జరుగుతుంది. కొత్తవాళ్లయితే చివర్లో ఖాళీ విమానంతో కొన్ని టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు చేయిస్తారు. ఇదివరకే పెద్ద విమానాల అనుభవం ఉన్నవాళ్లకు చాలా దేశాల్లో అదీ అక్కర్లేదు. వాళ్లు ఆ కొత్త రకాన్ని మొట్టమొదటిసారి నిజంగా గాల్లోకి లేపేటప్పుడు వెనక సీట్లలో ప్రయాణికులుంటారు, పక్క సీట్లో ట్రైనింగ్ కెప్టెన్ ఉంటాడు. ఈ మాట నేను చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ల మొహం మారుతుంది. నాకూ మొదటిసారి తెలిసినప్పుడు కొంచెం టెన్షన్ అనిపించింది.

చిన్నదానికి నిజం విమానం, పెద్దదానికి నకలు. పైకి చూస్తే ఉల్టా అనిపిస్తుంది. దీని వెనక ఖర్చు ఒక కారణం. ఏ320 గంటకు రెండు టన్నులకు పైగా ఇంధనం తాగుతుంది, సెస్నాకు గంటకు 25 లీటర్ల దాకా చాలు. అంతకన్నా పెద్ద కారణం, పెద్ద విమానంతో ప్రమాదాన్ని అభ్యాసం చేయబోతే అదే ప్రమాదమైపోతుంది.

1994 మార్చి 8న ఢిల్లీలో సహారా ఇండియా వారి బోయింగ్ 737తో శిక్షణ నడుస్తోంది. రన్‌వేను తాకి మళ్లీ లేచేటప్పుడు ఒక ఇంజిన్ పోయినట్టు నటించే అభ్యాసం. శిక్షణార్థి తప్పుడు వైపు రడ్డర్ తొక్కాడు. ముక్కును ఎడమకో కుడికో తిప్పడానికి తోక మీద ఉండే పలక రడ్డర్, దాన్ని కాలి పెడళ్లతో నడుపుతారు. విమానం పక్కకు ఒరిగి, నిలబడి ఉన్న రష్యా విమానం మీద పడింది. మొత్తం 9 మంది పోయారు. అంతకు ముందు 1967లో అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లోనూ ఇంతే. ఇంజిన్లు తగ్గించి దిగడం అభ్యాసం చేస్తున్న డీసీ-8 విమానం ఇళ్ల మీద, ఒక మోటల్ మీద పడి 19 మంది చనిపోయారు. ఇలాంటివి జరిగిన కొద్దీ ఈ పాఠం ఆకాశం నుంచి డబ్బాలోకి మారింది.

శంషాబాద్ రన్‌వే మీద రెండు సెకన్లు

ఆ పాఠం ఎలా ఉంటుందో అంకెల్లో చూద్దాం. శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. మన దేవరకొండ అమ్మాయి సిమ్యులేటర్‌లో అక్కడి నుంచి ఏ320ను పరిగెత్తిస్తోంది. ప్రతి టేకాఫ్‌కూ ముందే లెక్కగట్టి పెట్టుకునే ఒక వేగం ఉంటుంది, వీ1 అంటారు. ఆ వేగం దాటక ముందు ఇంజిన్ పోతే బ్రేకు వేయాలి. దాటాక పోతే ఒక్క ఇంజిన్‌తోనైనా లేవాల్సిందే. ఈరోజు అది 140 నాట్లు అనుకుందాం. గంటకు 259 కిలోమీటర్లు, సెకనుకు 72 మీటర్లు.

సరిగ్గా 140 దగ్గర ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి ఒక బటన్ నొక్కుతాడు. ఎడమ ఇంజిన్ ఆగింది. కుడి ఇంజిన్ ఒక్కటే తోస్తుంది కాబట్టి ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి కాలితో రడ్డర్ తొక్కి గీత మీద నిలపాలి, తొందరపడకుండా ముక్కు ఎత్తాలి. "ఏమైంది?" అని ఆలోచిస్తూ రెండు సెకన్లు ఉండిపోతే 144 మీటర్లు పోయాయి, విమానం రన్‌వే అంచు వైపు తిరిగింది. తప్పు కాలు వేస్తే ఢిల్లీ కథే.

మొదటిసారి ఆమె గడ్డిలోకి పోయింది. తెర ఎర్రబడింది, ఇన్‌స్ట్రక్టర్ ఆపాడు, మళ్లీ రన్‌వే మొదట్లో నిలబెట్టాడు. అరగంటలో ఏడెనిమిదిసార్లు చేయించవచ్చు. ఒకసారి కుడి ఇంజిన్, ఒకసారి వానలో, ఒకసారి రాత్రి. ఉద్యోగంలో చేరాక కూడా ఆరు నెలలకోసారి ఆ డబ్బాలోకి వచ్చి ఇదంతా మళ్లీ చేసి చూపించాలి. నిజమైన టేకాఫ్‌లో ఇంజిన్ పోవడం ఎంత అరుదంటే, రిటైరయ్యే దాకా ఒక్కసారీ చూడని పైలట్లే ఎక్కువ. అందుకే ఇంతగా చేయిస్తారు.

సాగర్ మీద మే నెల మధ్యాహ్నం

ఇప్పుడు వెనక్కి, చిన్న విమానానికి వద్దాం. ఎండాకాలంలో గాలి పలచబడుతుంది. రన్‌వే సముద్ర మట్టానికి 650 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీలకు అటూ ఇటూ. మే మధ్యాహ్నం 42 ఉంది, అంటే 28 ఎక్కువ. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,360 అడుగులు. 650 కలిపితే 4,000 దాటుతుంది. నేల మీద నిలబడి ఉన్న విమానం 4,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఎక్కువ దూరం పరిగెత్తి, మెల్లగా ఎక్కుతుంది.

సిమ్యులేటర్‌కు 42 అని చెబితే ఈ లెక్కంతా అది చేసి చూపిస్తుంది. ఏసీ గదిలో. నిజం విమానంలో అదే మధ్యాహ్నం చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది, కాగిన గుట్టల మీద నుంచి లేచే వేడిగాలి రెక్కను ఎత్తి కుదేస్తుంది, నీళ్ల మీదికి రాగానే ఆ కుదుపు ఆగి ఒక్కసారి కిందికి దించుతుంది, అదే సమయంలో రేడియోలో ఎవరో పిలుస్తుంటారు.

ఇప్పుడు ఇంజిన్ ఆగిందనుకుందాం, నేల నుంచి 3,000 అడుగుల ఎత్తులో. సెస్నా రకం విమానాలు వెయ్యి అడుగులకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైలు తేలుతాయి. మూడు వేలకు నాలుగున్నర, అంటే 8 కిలోమీటర్ల చిల్లర, అదీ గాలి లేనప్పుడు. ఆ వలయంలో ఏది దిగడానికి పనికొస్తుంది? బత్తాయి తోటలో చెట్లున్నాయి, వరి పొలంలో బురద ఉండొచ్చు, చెలక బాగుంది కానీ మధ్యలో కరెంటు తీగలు పోతున్నాయేమో పై నుంచి కనపడదు. తీగ కనపడకపోయినా స్తంభాల వరుసను బట్టి పోల్చుకోవాలని ఇన్‌స్ట్రక్టర్లు చెబుతారు. చాలా శిక్షణ సిమ్యులేటర్ల తెర మీద ఆ చెలక ఒక పచ్చరంగు మచ్చ. నిజం విమానంలో ఇన్‌స్ట్రక్టర్ థ్రాటిల్ తగ్గించి ఇదే అభ్యాసం చేయిస్తాడు, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తు దాకా వచ్చాక మళ్లీ పవర్ ఇచ్చి లేపేస్తాడు. చివరి ఆ కొన్ని వందల అడుగులు ఇక్కడా అక్కడా ఎక్కడా పూర్తిగా నేర్పలేనివి.

మా చిన్నప్పుడు వ్యవసాయ బావిలో బెండు కట్టుకొని ఈత నేర్చుకునేవాళ్లం. చేతులు కాళ్లు ఆడించడం బెండుతోనే వచ్చేది. బెండు విప్పిన రోజు వచ్చే భయం మాత్రం బెండు విప్పితేనే తెలిసేది. మొదటిసారి ఒంటరిగా నడిపిన రోజు, అంటే మొదటి సోలో రోజు గురించి పైలట్లు చెప్పేది వింటే నాకు అదే గుర్తొస్తుంది.

తప్పు చెబితే తప్పే నేర్పుతుంది

సిమ్యులేటర్ వల్ల మేలు జరగకపోవడం ఒక సంగతి. కీడు జరగడం ఇంకో సంగతి. ఇది చాలామందికి తట్టదు.

2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587, ఒక ఎయిర్‌బస్ ఏ300, లేచిన కొద్దిసేపటికే కూలి 265 మంది చనిపోయారు. ముందు వెళ్లిన పెద్ద విమానం వదిలిన సుడిగాలి తగిలింది. అదేమంత పెద్దది కాదు. కో-పైలట్ రడ్డర్‌ను ఒకసారి అటు, ఒకసారి ఇటు, మళ్లీ మళ్లీ గట్టిగా తొక్కాడు. కొన్ని సెకన్లలోనే తోక రెక్క విరిగి ఊడిపోయింది. దర్యాప్తులో ఆ అనవసరపు రడ్డర్ వాడకమే కారణమని తేలింది. రడ్డర్ మరీ సున్నితంగా ఉండడంతో పాటు ఆ సంస్థ శిక్షణ కార్యక్రమాన్ని కూడా దోహదం చేసిన కారణంగా రాశారు. ఆ శిక్షణలో సిమ్యులేటర్ పాఠం ఒకటుంది. సుడిగాలి తగలగానే విమానం విపరీతంగా ఒరిగేలా, పైలట్ ఏం చేసినా కొంతసేపు పని చేయనట్టు దాన్ని అమర్చారు. సుడిగాలి అంటే ఇంత ఘోరంగా ఉంటుంది, గట్టిగా తొక్కితే తప్ప లాభం లేదు అనే అలవాటు దాంతో పడే వీలుంది. డబ్బాలో తోక విరగదు.

తెలియంది చెప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో 2009 జూన్ 1న చూశాం. రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగం కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయాయి. ఆటోపైలట్ తప్పుకుంది. పైలట్ ముక్కు పైకే లాగుతూ ఉండిపోయాడు, రెక్కలు గాలి మీద పట్టు కోల్పోయాయి. దీన్నే స్టాల్ అంటారు. దాదాపు మూడున్నర నిమిషాల పాటు పడుతూ వచ్చి సముద్రంలో కలిసింది, 228 మంది. అప్పటి సిమ్యులేటర్లలో స్టాల్ హెచ్చరిక రాగానే తప్పుకోవడం నేర్పేవారు. పూర్తిగా స్టాల్‌లోకి వెళ్లాక పెద్ద విమానం ఎలా ఊగుతుందో, ఎలా పడుతుందో యంత్రాలకు సరిగ్గా చెప్పి ఉండలేదు. ప్రయాణికుల విమానాన్ని అంత దూరం తీసుకెళ్లి కొలతలు తేవడం కష్టం, ప్రమాదం కూడా. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలో కోల్గన్ ఎయిర్ విమానం కూడా స్టాల్ అయ్యి కూలింది. ఆ తర్వాతే అమెరికా పూర్తి స్టాల్ శిక్షణను తప్పనిసరి చేసింది. నిబంధన 2013లో వచ్చింది, సిమ్యులేటర్లను దానికి తగ్గట్టు మార్చుకొని అమలయ్యేసరికి 2019.

ఇక 737 మ్యాక్స్. పాత 737 నడిపేవాళ్లకు దీని మీద సిమ్యులేటర్ శిక్షణ అక్కర్లేదన్నది బోయింగ్ అమ్మకాల్లో పెద్ద ఆకర్షణ. సిమ్యులేటర్ గంటలంటే ఎయిర్‌లైన్లకు డబ్బు ఖర్చు, పైలట్లు విమానం నడపకుండా పోయే రోజులు. కొత్తగా పెట్టిన ఎంక్యాస్ అనే వ్యవస్థ ముక్కును దానంతట అదే కిందికి నొక్కగలదన్న సంగతి చాలామంది పైలట్లకు తెలియదు. 2018 అక్టోబర్‌లో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది చనిపోయారు. తర్వాత బయటపడిందేమిటంటే, ఉన్న మ్యాక్స్ సిమ్యులేటర్ల సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంది. కిందికి వాలిన ముక్కును సరిచేయడానికి పైలట్ చేత్తో తిప్పే చక్రం ఆ పరిస్థితుల్లో ఎంత బిగుసుకుంటుందో అవి సరిగ్గా చూపలేదు. సరిచేశామని 2019 మేలో బోయింగ్ ఒప్పుకుంది. 2020 జనవరిలో సిమ్యులేటర్ శిక్షణ ఉండాలని తానే సిఫారసు చేసింది.

ముప్పై అయిదు సెకన్లు

ఏదో ఒక లోపం వస్తుందని డబ్బాలోకి వెళ్లే ప్రతి పైలట్‌కూ ముందే తెలుసు, కాబట్టి ఆశ్చర్యపోవడానికి పట్టే సమయం అక్కడ లెక్కలోకి రాదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దిగిన ఏ320 విషయంలో ఇదే తేలింది. పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయాయి, 155 మందీ బతికారు. వెనక్కి తిరిగి విమానాశ్రయానికి చేరగలిగేవారా అని దర్యాప్తువాళ్లు సిమ్యులేటర్‌లో పరీక్షించారు. ఇంజిన్లు పోగానే తిరిగిన పైలట్లలో కొందరు రన్‌వే చేరారు. ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి 35 సెకన్ల వ్యవధి కలిపి చేయించినప్పుడు చేరలేకపోయారు. నది మీద దిగాలన్న కెప్టెన్ నిర్ణయం సరైనదేనని తేల్చారు. ఆశ్చర్యపోవడానికి పట్టే సమయాన్ని కూడా ఎవరో ఒకరు లెక్కలో వేసి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు కొన్ని శిక్షణల్లో ఏ లోపం వస్తుందో ముందు చెప్పకుండా చేయించడానికి ప్రయత్నిస్తున్నారు. వారానికి ముందే పాత బ్యాచ్ నుంచి కొత్త బ్యాచ్‌కు ప్రశ్నపత్రం చేరిపోవడం మాత్రం అక్కడా ఉంది.

గంటలు ముఖ్యమా, డబ్బా ముఖ్యమా?

రెండు పక్షాలూ నియమాల రూపంలోనే ఉన్నాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2006లో మల్టీ క్రూ పైలట్ లైసెన్స్ అని ఒకటి తెచ్చింది. కనీసం 240 గంటలు, ఎక్కువ భాగం సిమ్యులేటర్‌లో, మొదటి నుంచీ ఇద్దరు పైలట్లు కలిసి పని చేసేలా. దీన్ని సమర్థించేవాళ్ల వాదన, చిన్న విమానంలో ఒంటరిగా చక్కర్లు కొట్టిన వంద గంటలు ఏ320కి పెద్దగా అక్కరకు రావని. వాళ్ల దృష్టిలో ఎయిర్‌లైన్ ఉద్యోగమంటే పక్కవాడితో మాట్లాడడం, పని పంచుకోవడం, యంత్రాన్ని గమనించడం.

అమెరికా ఇంకో దారి పట్టింది. కోల్గన్ ప్రమాదం తర్వాత ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు సాధారణంగా 1,500 గంటలు ఉండాలంది. గాలిని, వానను, భయాన్ని ఆకాశంలో చూసినవాడికే వివేకం వస్తుందన్నది ఈ వాదన. దీనికి ఎదురు చెప్పేవాళ్లు ఒక ఇబ్బందికరమైన సంగతి ఎత్తి చూపుతారు. కోల్గన్ విమానంలోని ఇద్దరు పైలట్లకూ 1,500 గంటల కన్నా ఎక్కువే ఉన్నాయి. గంటలు పెరిగాయి కానీ ఆ గంటల్లో స్టాల్ నుంచి బయటపడే అలవాటు పడలేదు. అటు డబ్బా పక్షాన్ని అడిగేవాళ్లూ ఉన్నారు: 587లో ఆ అలవాటు డబ్బాలోనే కదా పడింది?

నాకైతే రెండోవైపు ప్రశ్న కొంచెం ఎక్కువ బరువుగా కనిపిస్తుంది. గంటలు తక్కువైతే లాగ్‌బుక్‌లో కనపడుతుంది. డబ్బా తప్పు నేర్పితే ప్రమాదం జరిగే దాకా ఎవరికీ కనపడదు.

డబ్బాకూ పరీక్ష ఉంటుంది

అందుకే పైలట్‌తో పాటు సిమ్యులేటర్‌కూ అర్హత పరీక్ష పెడతారు, మళ్లీ మళ్లీ పెడతారు. నిజం విమానం కొలతలతో దాని ప్రవర్తనను పోల్చి చూస్తారు. 2022 ఏప్రిల్‌లో డీజీసీఏ ఒక ఎయిర్‌లైన్‌కు చెందిన 90 మంది పైలట్లను మ్యాక్స్ నడపకుండా ఆపింది. వాళ్లు శిక్షణ పొందిన సిమ్యులేటర్‌లో స్టిక్ షేకర్ పని చేయలేదు. స్టాల్ దగ్గరపడితే పైలట్ చేతిలోని కాడను గడగడా ఊపే పరికరం అది. మ్యాక్స్ ప్రమాదాల్లో మోగింది సరిగ్గా అదే. ఆ 90 మందీ మళ్లీ శిక్షణ తీసుకోవాల్సి వచ్చింది.

2025 ఆగస్టులో ఇంకో పెద్ద ఎయిర్‌లైన్‌కు దాదాపు 1,700 మంది పైలట్ల శిక్షణ విషయంలో నోటీసు వెళ్లింది. కోజికోడ్, లేహ్, కాఠ్మాండూ లాంటి కష్టమైన విమానాశ్రయాలకు శిక్షణ ఇచ్చిన సిమ్యులేటర్లకు ఆ విమానాశ్రయాల అర్హత లేదన్నది అభియోగం. కోజికోడ్ రన్‌వే గుట్ట మీద చదును చేసిన బల్ల లాంటిది, లేహ్ చుట్టూ హిమాలయాలు. ఆ అంచు, ఆ కొండ తెర మీద సరైన చోట లేకపోతే పైలట్ నేర్చుకున్నది వేరే ఊరు.

మహబూబ్‌నగర్ జిల్లాలో గుడిబండ దగ్గర విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన చాలా ఏళ్లుగా కాగితాల మీద ఉంది. అది ఎప్పటికైనా లేచి, పెద్ద విమానాలు దిగే రోజు వస్తే, చుట్టూ ఉన్న ప్రతి గుట్టనూ, సెల్ టవర్‌నూ ఎవరో వచ్చి కొలిచి అంకెలుగా మార్చాలి. ఆ అంకెలు ఎక్కించే దాకా, శంషాబాద్‌లోనో గురుగ్రామ్‌లోనో ఉన్న డబ్బాకు గుడిబండ అంటే చదునైన నేలే.